రెండు క్రెడిట్లు తక్కువైన పిల్ల

మనిషిని తెలుసుకోవడానికి ఇన్నాళ్ళూ మనం పడిన శ్రమంతా దండుగ!

ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించాం. కలిసి తిన్నాం. కష్టం వచ్చినప్పుడు ఎలా నిలబడతాడో చూశాం. ఒక పిల్లవాణ్ణి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా రోజూ చూసి కూడా, వీడు రేపు ఏమవుతాడో చెప్పలేమని ఒప్పుకున్నాం. ఎంత వెనకబాటుతనం! మనిషి అంటే ఒక గీత. ఆ గీత ఎంతవరకు నిండిందో చూస్తే సరిపోతుంది. మిగతావన్నీ కబుర్లు.

ఈ సత్యాన్ని కనిపెట్టింది మా ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీ. పేరు చెప్పను. ప్రచారం వాళ్ళకు ఇప్పటికే సరిపడా ఉంది. పట్నం శివార్లలోని కాటేదాన్‌లో ఒకప్పుడు బిస్కెట్లు తయారైన షెడ్డులో ఆ కాలేజీ నడుస్తోంది. వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ డాల్డా వాసన వస్తుంది. లోపలికి పిండిలాగా వెళ్ళినవాళ్ళు ఒకే ఆకారంలో బయటికి రావడం ఆ షెడ్డుకు అలవాటేనని గిట్టనివాళ్ళు అంటారు. నేను అనను. నేను ఆ కాలేజీ అభిమానిని.

వాళ్ళు పెట్టిన ఏర్పాటు పేరు క్రెడిట్ ట్రాకర్. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. డిగ్రీ అంటే నూట ఇరవై క్రెడిట్లు. ఒక్కో సబ్జెక్టుకు నాలుగో, మూడో, రెండో ఉంటాయి. పాసైనప్పుడల్లా కంప్యూటర్లో విద్యార్థి పేరు పక్కనున్న గీత కాస్త నిండుతుంది. మొదట ఎర్రగా ఉంటుంది. సగం దాటితే పసుపు. మొత్తం నిండితే ఆకుపచ్చ. ఆకుపచ్చ అయితేనే ఆఫీసులో ప్రొవిజినల్ సర్టిఫికెట్ ప్రింటవుతుంది. అంతకుముందు ప్రిన్సిపాల్ తలకిందులుగా నిలబడ్డా ప్రింటవదు. మనుషుల దయాదాక్షిణ్యాలకు తావు లేదు. ఇంతకంటే ధర్మం ఏముంటుంది?

దీనివల్ల ఇళ్ళల్లో వెలసిన ప్రశాంతత చూడండి. ఇదివరకు చుట్టాలు కలిస్తే, "ఏం చదువుతున్నావురా? అది చదివితే ఏం వస్తుంది?" అని అడిగేవాళ్ళు. పిల్లవాడు ఏదో చెప్పాల్సి వచ్చేది. చెప్పడానికి ఏదో తెలిసి ఉండాల్సి వచ్చేది. ఎంత హింస! ఇప్పుడు, "సిక్స్టీ టూ పాయింట్ ఫైవ్ అంకుల్" అంటాడు. అంకుల్ తృప్తిగా తల ఊపి భోజనానికి లేస్తాడు. తాను ఏం విన్నాడో ఆయనకు తెలియదు, ఏం చెప్పాడో వీడికి తెలియదు. ఇద్దరికీ సమానంగా తెలియకపోవడం కంటే మర్యాద మరొకటి ఉందా?

లైబ్రరీకి వెళితే ఒక క్రెడిట్ ఉంది. గుమ్మం దగ్గర ఒక యంత్రం పెట్టారు, వేలు నొక్కితే వెళ్ళినట్టు. పిల్లలు వరుసలో నిలబడి వేలు నొక్కి, అదే వరుసలో వెనక్కి తిరుగుతారు. పుస్తకాలకు మొదటిసారి విశ్రాంతి దొరికింది. ఒక్క పేజీ నలగలేదు. యోగాకు ఒక క్రెడిట్. శవాసనంలో హాజరు తీసుకుంటారు కాబట్టి తరగతి అంతా అందులోనే ప్రావీణ్యం సాధించింది. "నైతిక విలువలు" అనే సబ్జెక్టుకు రెండు క్రెడిట్లు. ఆ పరీక్షలో చీటీలు ఒకరికొకరు అందించుకుని మొత్తం తరగతి నూటికి నూరు తెచ్చుకుంది. ఉన్నదాన్ని తోటివాడితో పంచుకోవడం విలువ కాదని ఎవరనగలరు?

చదువురాని తల్లిదండ్రులకు కూడా ట్రాకర్ ఎంత దగ్గరైందో చెప్పడానికి మా కుర్మయ్య ఒక్కడు చాలు.

కుర్మయ్యది మామిడిపల్లి. నేను ఉండేదీ, పనిచేసే హైస్కూలు ఉన్నదీ అక్కడే. ఎయిర్‌పోర్టుకు పోగా మిగిలిన కాస్త పొలంలో టమాట వేస్తాడు. ఆయన కూతురు ప్రియదర్శిని మా బడిలో చదివి ఆ కాలేజీలో బి.ఎస్సీ. చేరింది. మొదటి సెమిస్టర్ అయ్యాక కుర్మయ్య నెట్ సెంటర్‌కు వెళ్ళి గీత చూపించమన్నాడు. గీత ఎర్రగా ఉంది. ఆయన అక్కణ్ణించి నేరుగా మిఠాయి దుకాణానికి వెళ్ళి లడ్డూలు కొని మా ఇంటికి వచ్చాడు.

"సారూ, నోరు తీపి చేసుకోండ్రి. మా పొల్లది ఎర్రగైంది!"

"ఎర్రగా ఉంటే బాగా రానట్టు, కుర్మయ్యా. ఇంకా చాలా ఉందని అర్థం."

"గట్లెట్లయితది సారూ?" కుర్మయ్య నన్ను జాలిగా చూశాడు. "టమాట ఎర్రగైతేనే గదా మార్కెట్‌కు పోయేది. పచ్చగున్నదాన్ని ఎవడు కొంటడు? మీ పట్నపోళ్ళకు ఎవుసం తెల్వక రంగులు ఉల్టా వెట్టిన్రు."

లడ్డూ తిన్నాను.

మూడేళ్ళు గడిచాయి. గీత పసుపు దాటి చివరిదాకా వచ్చింది. చివరి పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ప్రియదర్శిని తరగతిలో మొదటి ముగ్గురిలో ఒకతె. ట్రాకర్ మాత్రం తొంభై ఎనిమిది పాయింట్ మూడు మూడు దగ్గర ఆగిపోయింది. నూట ఇరవైకి రెండు క్రెడిట్లు తక్కువ.

బి.ఇడి. కౌన్సెలింగ్ దగ్గరపడుతోంది. ప్రవేశ పరీక్షలో పిల్లకు మంచి ర్యాంకే వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన నాటికి ప్రొవిజినల్ చేతిలో లేకపోతే సీటు లేదు. గీత ఆకుపచ్చ కాకపోతే ప్రొవిజినల్ లేదు. ఇంట్లోనేమో ఒక ఏడాది ఖాళీగా కూర్చున్న ఆడపిల్ల మరుసటి ఏడాది చదువుతుందన్న నమ్మకం లేదు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో గదులు సర్దే పని ఉందని ఆమె మేనమామ అప్పుడే కబురు పంపాడు.

తక్కువైన ఆ రెండు క్రెడిట్లు "సమాజ సేవ"వి. కాలేజీ ప్రతి ఏటా ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. ఊరికి చెప్పరు లెండి. దత్తతకు పిల్లవాడి అంగీకారం ఎవరడుగుతారు? ఒక ఆదివారం బస్సులో వచ్చి, ఊడ్చి, ఫోటోలు దిగి, బస్సులో వెళతారు. ఈసారి దత్తత తీసుకున్నది మామిడిపల్లిని. అందులోనూ కుర్మయ్య ఉండే గల్లీని.

మీరు అనుకుంటున్నది నాకు తెలుసు. సొంత ఊరే కాబట్టి పిల్లకు సులువైపోయిందని! బస్సు వాళ్ళ ఇంటి ముందే ఆగింది. ప్రియదర్శిని బిందెతో నీళ్ళు తెచ్చి అందరికీ ఇచ్చింది. గల్లీలో ఎవరింటి దగ్గర ఏ మురుగు మోరీ నిండిందో చూపించింది. చీపుళ్ళు చాలకపోతే ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చింది. వాళ్ళమ్మ శివమ్మ నలభైమందికి చాయ్ పెట్టింది. అందరూ తాగారు. ట్రాకర్ ప్రకారం ఆ రోజు ప్రియదర్శిని గైర్హాజరు.

ఎందుకంటే హాజరు బస్సులో తీసుకున్నారు.

బస్సు కాలేజీ దగ్గర బయలుదేరేటప్పుడు ఒకసారి, తిరిగి కాలేజీ చేరాక ఒకసారి. మధ్యలో ఏం జరిగిందన్నది ట్రాకర్‌కు అనవసరం. ఎంత లోతైన ఆలోచనో చూడండి. సేవ ఎవరు చేశారు, ఎవరు చెట్టుకింద కూర్చున్నారు అని తేల్చడం మనుషులకు సాధ్యమా? బస్సు ఎక్కారా లేదా అన్నది తేల్చవచ్చు.

నేనూ కుర్మయ్యా కాలేజీకి వెళ్ళాం. క్రెడిట్ కోఆర్డినేటర్ నాగమణి గారు. గోదావరి జిల్లా మనిషి, చాలా మర్యాదస్తురాలు. కుర్చీలు వేయించి మంచినీళ్ళు ఇప్పించారు.

"పిల్ల మంచిదేనండి మాస్టారూ. కాదనడం లేదు. కానీ బస్సు ఎక్కలేదు కదండీ?"

"బస్సు వాళ్ళ ఇంటి ముందే ఆగిందమ్మా."

"ఆగిందండి. ఎక్కలేదు కదా మరి."

"మీరు కూడా వచ్చారు. ఆ పిల్ల చేత్తో ఇచ్చిన చాయ్ తాగారు."

"తాగానండి. బెల్లం వేశారు, చాలా బావుంది. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ సిస్టమ్‌లో చాయ్‌కి కాలమ్ లేదండి."

కుర్మయ్య అప్పటిదాకా ఓపిక పట్టాడు. "అమ్మా, నా బిడ్డ ఊర్లనే ఉండె. ఊరు ఏడికి వోయింది? మీ బస్సే గాదూ ఊరికొచ్చింది?"

"నిజమేనండి. మీ బాధ నాకర్థమైంది. అది నమోదు చెయ్యడానికే వీలు లేదు."

అప్పుడు నేను మరో సంగతి చెప్పాల్సి వచ్చింది. చెప్పకూడదనుకునే వెళ్ళాను. మా ఇంటావిడ అమృతమ్మ ఈ వేసవిలో చనిపోయింది. ఆవిడ మా బడిలోనే లెక్కల టీచరు. ప్రియదర్శినికి లెక్కలు చెప్పిందీ, నువ్వు టీచరు కావాలి అన్నదీ ఆవిడే. చివరి రెండు నెలలు దవాఖానలో ఉంది. ఆడవాళ్ళ వార్డులోకి నన్ను రానివ్వని వేళల్లో ఆ పిల్లే ఉంది. జుట్టు దువ్వింది. అన్నం తినిపించింది. మంచం పక్కన కూర్చుని తన చివరి సెమిస్టర్ లెక్కలు చేసుకుంది. తప్పు చేస్తే పడుకున్నావిడ దిద్దింది.

"ఇది సేవ కిందికి వస్తుందేమో చూడండి" అన్నాను.

నాగమణి గారు నిజంగానే బాధపడ్డారు. తర్వాత నియమాలు తెరిచి చూశారు.

"రాదండి మాస్టారూ. ఒక్కరికి చేస్తే అది పర్సనల్ కిందికి వస్తుంది. సమాజం అంటే కనీసం పదిమందైనా ఉండాలండి."

చూశారా, ఎంత స్పష్టత! నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సమాజం అంటే ఏమిటో చెప్పబోయి తడబడుతూ వచ్చాను. పది! అమృతమ్మ ఒక్కతే. ఇంకో తొమ్మిదిమందిని పక్క మంచాల మీద పడుకోబెట్టి ఉంటే పిల్ల ఆకుపచ్చ అయిపోయేది. ముందుచూపు లేకపోయింది.

మేము లేవబోతుంటే నాగమణి గారు గొంతు తగ్గించారు. "నాకూ ఒక ట్రాకర్ ఉందండి. స్టాఫ్‌కు వేరే. ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఈ ఏడు గ్రీన్ కాకపోతే నన్ను కొనసాగించరు. నన్ను తప్పుగా అనుకోకండి. వచ్చే ఆదివారం మళ్ళీ ఒక ట్రిప్ వేయిస్తాను. మిగిలిపోయినవాళ్ళ కోసం. పిల్లని బస్సెక్కమనండి, అంతే."

ఆ "అంతే"ను మీరు కాస్త విప్పి చూడాలి.

ఆదివారం తెల్లవారగానే ప్రియదర్శిని మామిడిపల్లిలో ఆటో ఎక్కింది. పహాడీ షరీఫ్ దగ్గర మరో ఆటో మారింది. కాటేదాన్‌లో కాలేజీ చేరి, గేటు ముందు నిలబడి, బస్సు ఎక్కింది. హాజరు పడింది. బస్సు బయలుదేరి, ఆ పిల్ల వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, మామిడిపల్లిలో వాళ్ళ ఇంటి ముందు ఆగింది.

శివమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఏందే, పొద్దుగాల పోతివి, బస్సుల తిరిగొస్తివి? ఏమన్న మర్శినవా?"

"లేదమ్మా. కాలేజీకెల్లి వచ్చిన. సేవ చెయ్యనీకి."

"ఎవరికి?"

"మనకే."

"మన వాకిలి పొద్దుగాలనే ఊడ్చి పోయినవు గదనే! అద్దం లెక్క ఉన్నది. ఏముందని ఊడుస్తవు?"

"గది లెక్కల రాదమ్మా. జర చెత్త వెయ్యి."

శివమ్మ కూతురి ముఖం చూసింది. బస్సు చూసింది. చీపుళ్ళు పట్టుకుని దిగుతున్న పిల్లల్ని చూసింది. మేకల కొట్టంలోకి వెళ్ళి ఒక గంపెడు ఎండాకు తెచ్చి, శుభ్రంగా ఉన్న తన వాకిట్లో నాలుగు వైపులా చల్లింది. "చాలా, ఇంకొంచెం వెయ్యాల్నా?" అని నాగమణి గారిని అడిగింది కూడా.

"చాలండి, ఫోటోకి సరిపోతుంది" అన్నారావిడ.

ప్రియదర్శిని ఊడ్చింది. ఆ పిల్ల ఆ వాకిలిని ఊహ తెలిసినప్పటి నుంచీ ఊడుస్తోంది. ఆ రోజు మొదటిసారి అది సేవ అయింది.

ఇంతటితో అయిపోతే ట్రాకర్ గొప్పతనం మీకు సగమే తెలిసేది. సమాజ సేవలో రెండో భాగం ఉంది. "ఒంటరి వృద్ధులకు ఆత్మీయ పరామర్శ." విద్యార్థి ఒక వృద్ధుడి ఇంటికి వెళ్ళి కూర్చోవాలి. బస్సులో వచ్చి కూర్చుంటే ఆ ఒక్కడూ సమాజమే అవుతాడు. ఫోటో ఉండాలి.

ఊళ్ళో వృద్ధులకు కొదవ లేదు. కానీ వాళ్ళెవరూ ఇళ్ళల్లో లేరు! డెబ్బై దాటిన మొగులయ్య మేకల వెంట వెళ్ళాడు. చంద్రమ్మ ఆకుకూర కోతకు వెళ్ళింది. జంగమ్మ ఎవరి పెళ్ళికో వంట సాయానికి వెళ్ళింది. ఆదివారం పూట పని లేకుండా ఇంట్లో కూర్చున్న ఒంటరి మనిషి ఊరంతా వెతికితే ఒక్కడే దొరికాడు. సర్వీసు ఇంకా ఏడాదికి పైగా ఉన్న ప్రభుత్వ ఉపాధ్యాయుడు. జుట్టు తెల్లగా ఉంది కాబట్టి సరిపోతుందన్నారు.

అలా వాళ్ళు మా ఇంటికి వచ్చారు. నాగమణి గారు, కెమెరా పట్టుకున్న రాహుల్ అనే రెండో సంవత్సరం కుర్రాడు, వెనకాల ప్రియదర్శిని. చెప్పులు ఎక్కడ విడవాలో, మంచినీళ్ళ కడవ ఎక్కడుందో తెలిసిన పిల్ల. అమృతమ్మ పోయినప్పటి నుంచీ రోజూ సాయంత్రం వాళ్ళమ్మ ఇచ్చిన రొట్టెలు తెచ్చి, నేను తినేదాకా వెళ్ళని పిల్ల. ఆ రోజు కొత్తగా వచ్చినట్టు గుమ్మంలో నిలబడింది. నావైపు చూడలేకపోయింది.

"కూర్చోమ్మా. తాతగారి చెయ్యి పట్టుకో" అన్నారు నాగమణి గారు.

"సార్ అండి" అంది పిల్ల చిన్నగా.

"ఫోటోలో తాతగారే కదమ్మా."

కూర్చుంది. రాహుల్ ఒక ఫోటో తీసి చూపించాడు. నాగమణి గారు పెదవి విరిచారు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. లబ్ధిదారుడి ముఖంలో ఆనందం స్పష్టంగా కనిపించాలండి. రూల్ అది. పైన ఫోటోలు చూసేవాళ్ళు వేరే ఉంటారు. నవ్వు లేకపోతే తిప్పి పంపేస్తున్నారు."

నవ్వడానికి ప్రయత్నించాను. రాహుల్ తీశాడు.

"అంకుల్, ఇది పన్ను నొప్పిలా వచ్చింది."

మళ్ళీ ప్రయత్నించాను. గోడమీద అమృతమ్మ ఫోటో ఉంది. దానికి వేసిన దండ కెమెరాలో పడుతోందని నన్ను కాస్త పక్కకు జరగమన్నారు. జరిగాను. నవ్వు రాలేదు. ఇంట్లో ఆ అలవాటు పోయి కొన్నాళ్ళైంది.

ప్రియదర్శిని లేచి నిలబడింది. "మేడం, సార్‌ను పరేషాన్ చెయ్యకుండ్రి. నాకు క్రెడిట్లు ఒద్దు. హోటల్ల పనికే పోతా."

"కూర్చో" అన్నాను. బడిలో వాడే గొంతుతో అన్నాను. పిల్ల కూర్చుంది.

కౌన్సెలింగ్ ఆ వారమే. రెండు క్రెడిట్లకూ ఆ పిల్లకూ మధ్య ఇప్పుడు బస్సు లేదు, కాలేజీ లేదు, నియమం లేదు. నా ముఖం ఒక్కటే ఉంది.

కళ్ళు మూసుకుని, అమృతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఈ తతంగం చూస్తుంటే ఏమనేదో అనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సర్వీసుల ఉండంగనే ముసలోళ్ళ కోటాల పాసైన్రు పోండ్రి!" అనేది. తప్పకుండా అదే అనేది.

నవ్వు వచ్చేసింది. ఆపుకోలేనంత వచ్చింది.

"సూపర్ అంకుల్!" అన్నాడు రాహుల్.

అయ్యా, అమ్మా, ఇక ట్రాకర్ ఎంత చురుకైనదో చెబుతాను. వాళ్ళు తిరిగి కాటేదాన్ చేరి, బస్సులో రెండోసారి హాజరు పడ్డాక, ప్రియదర్శిని రెండు ఆటోలు మారి మళ్ళీ తన ఊరు చేరింది. రెండు రోజుల్లో ఫోటో ఆమోదం పొందింది. గీత ఆకుపచ్చ అయింది. సర్టిఫికెట్ ప్రింటయింది. కుర్మయ్య దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చి, "పచ్చిగున్నప్పుడే కోసిన్రు, ఏం జేస్తం, తీస్కుందాం" అన్నాడు. పిల్ల కౌన్సెలింగ్‌కు వెళ్ళింది. వికారాబాద్ దగ్గర కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్‌కు వెళ్ళే రోజు నా కాళ్ళకు దండం పెట్టి, అమృతమ్మ ఫోటోకు పెట్టి వెళ్ళిపోయింది. నాగమణి గారి గీత కూడా నిండిందట. ఫోన్ చేసి చెప్పారు. నాకు సంతోషమే.

మరి ఇంత మేలు చేసిన ట్రాకర్‌ను ఎవరైనా ఒక్క మాట అనగలరా? నేను అనను. నాది చిన్న మనవి మాత్రమే.

ఆరాంఘర్ చౌరస్తాలో ఆ కాలేజీ వాళ్ళు ఈ మధ్య ఒక ఫ్లెక్సీ కట్టారు. పుట్టినరోజు నాయకుల ఫ్లెక్సీలన్నీ దాని ముందు చిన్నబోయాయి. దాని మీద నేనున్నాను. రెండంతస్తుల ఎత్తున నవ్వుతున్నాను. ప్రియదర్శినిని కత్తిరించేశారు. ఆ పిల్ల కూర్చున్న చోట చైర్మన్ గారు చేతులు జోడించి నిలబడ్డారు. కింద, "మా సేవ... మీ చిరునవ్వు!" అని, దాని కింద, "అడ్మిషన్లు జరుగుచున్నవి" అని, దాని కింద ఫోన్ నంబరు.

ఆ నంబరుకు ఫోన్ చేశాను. దాన్ని తీసేయమన్నాను. మీది ఏ గ్రూపు, ఇంటర్‌లో ఎంత శాతం అని అడిగారు.

మొన్న పెన్షన్ పని మీద నాతోపాటు పట్నం వచ్చాడు మొగులయ్య. చౌరస్తాలో ఆటో కోసం నిలబడ్డాం. ఆయన తలెత్తి ఫ్లెక్సీని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు. ఆయన భార్య పోయి పదేళ్ళు దాటింది.

"ఏంది సారూ, టీచరమ్మ పోయి ఎన్నాళ్ళాయె? అప్పుడే గింత మంచిగ నవ్వుతున్రు?"

తిట్టడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అది ఎలా సాధ్యమో చెబితే తానూ నేర్చుకుందామన్నట్టు అడిగాడు.

"రెండు క్రెడిట్ల కోసం నవ్విన, మొగులయ్యా" అన్నాను.

"క్రెడిట్లంటే? ఎంతైతయి సారూ?"

పైన నా నోరు అంత వెడల్పున తెరిచి ఉంది. కింద నేను దాన్ని తెరవలేకపోయాను.